ఖండనా, నిందా? ఒక ఆంగ్లపదానికి రెండు దారులు

రాయపూర్: ఏదైనా దాడి జరిగిన మర్నాడు తెలుగు పత్రికలలో ‘ఘాతుకాన్ని ఖండించిన హోంమంత్రి’ అన్న శీర్షిక కనిపించడం పరిపాటి. ఆ మాటనే హిందీలో ఉంచి రాయపూర్ పాఠకునికి చూపితే, అసలు ఘటనే జరగలేదని మంత్రి అన్నారా అని నివ్వెరపోతాడు. హిందీలో ‘ఖండన్’ అంటే కాదనడం, ఆరోపణను తోసిపుచ్చడం. తీవ్రమైన అసమ్మతికి అక్కడ ‘నిందా’ అంటారు. తెలుగులోనో, నింద అంటే అపవాదు. నిందితుడంటే నేరారోపణకు గురైనవాడు. ఆంగ్లంలోని ‘కండెమ్’ అనే ఒకే పదానికి పొరుగు భాషలు రెండు ఇలా వేర్వేరు దారులు పట్టాయి.

మన ఖండన సైతం నిర్దుష్టమేమీ కాదు. ‘ఆరోపణలను ఖండించారు’ అంటే కాదన్నారని, ‘దాడిని ఖండించారు’ అంటే తప్పుపట్టారని సందర్భాన్నిబట్టి పాఠకుడే గ్రహించుకోవాలి. ‘గర్హించారు’ అంటే ఈ తికమక ఉండదు. ఎందుచేతనో ఆ మాట వాడుక తగ్గింది.

‘కండెమ్’ మూలం లాటిన్. నష్టం, జరిమానా అనే అర్థాలు గల ‘డామ్నమ్’ అందులో ఉంది. అంటే మొదట అది అభిప్రాయం కాదు, తీర్పు. పలికినవాడికి శిక్షించే అధికారం ఉండేది. ఉరిశిక్ష పడిన ఖైదీ గదిని ‘కండెమ్డ్ సెల్’ అనడంలోనూ, ప్రభుత్వ కార్యాలయాలలో పాత జీపును ‘కండెమ్ చేశారు’ అనడంలోనూ ఆ అర్థమే నిలిచి ఉంది. జీపు విషయంలో ఆ మాట అమలవుతుంది. నాయకుల ప్రకటనలలో అలా కాదు.

2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద రహదారి పనులకు కాపలాగా ఉన్న కేంద్ర రిజర్వు పోలీసు దళంపై మావోయిస్టులు దాడి చేయగా 25 మంది జవాన్లు మరణించారు. మర్నాడు అప్పటి కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ రాయపూర్ వచ్చి నివాళులర్పించారు. 2010లో తాడ్‌మెట్ల వద్ద 76 మంది, 2013లో ఝీరం లోయలో పలువురు కాంగ్రెస్ నాయకులు బలైనప్పుడు విన్న మాటలనే జనం మళ్లీ విన్నారు. ‘కడీ నిందా’, అంటే తీవ్ర ఖండన, అన్న పదబంధం ఆ రోజులలో సామాజిక మాధ్యమాలలో పరిహాసమైపోయింది. మాట తప్పు కాదు. దాని వెనుక మరేదీ కనిపించకపోవడమే జనాన్ని నొప్పించింది. మే 8న మావోయిస్టు ప్రభావిత రాష్ట్రాల సమావేశం ఢిల్లీలో జరిగిందన్నది వేరే సంగతి.

అయితే ఈ మాట ఉత్తదేనని అనుకోవడానికీ లేదు. దౌత్యవేత్తలు దానిని తూచి వాడతారు. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్‌పై భద్రతా మండలి ముందుకు వచ్చిన తీర్మానంలో ‘కండెమ్’ను తొలగించి, ఒక మెట్టు తక్కువైన ‘డిప్లోర్’ను చేర్చారు. చైనాను వ్యతిరేక ఓటు వేయకుండా చూడడానికే ఈ సవరణ అని వార్తలు వచ్చాయి. చైనా తటస్థంగా ఉండిపోయింది, భారత్ కూడా. రష్యా ఎలాగూ వీటో చేసింది. బుచా హత్యల విషయంలో మాత్రం ఏప్రిల్‌లో భారత్ ‘కండెమ్’ అనే వాడింది.

బుర్కాపాల్ దాడి తరువాత పోలీసులు పరిసర గ్రామాల ఆదివాసులను అరెస్టు చేశారు. వారిలో 121 మందిని 2022 జూలైలో దంతేవాడలోని ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి వారిలో అత్యధికులు ఐదేళ్లపాటు జైలులో గడిపారు. దాడికి హిందీ ‘నిందా’ దక్కగా, తెలుగులో మనమనే నిందను మోసినవారు వీరు.