ర్యాంప్ చెకింగ్‌లో పైలట్‌ని ఏం అడుగుతారు?

వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌లో మీ ఫ్లైట్ కోసం కూర్చున్నారు. రిఫ్లెక్టర్ జాకెట్లు వేసుకున్న ఇద్దరు విమానం చక్రాల దగ్గర వంగి టార్చ్ కొట్టి చూస్తున్నారు, తర్వాత మెట్లెక్కి కాక్‌పిట్‌లోకి వెళ్లారు. వాళ్లు డీజీసీఏ ఇన్‌స్పెక్టర్లు కావచ్చు. చెప్పాపెట్టకుండా వస్తారు. దీన్నే ర్యాంప్ ఇన్‌స్పెక్షన్ అంటారు. ర్యాంప్ అంటే విమానం ఆగి ఉండే చోటు, అంతే.

విదేశీ విమానం దిగినా ఇలా చూడొచ్చు. 1944 నాటి షికాగో ఒప్పందం, 16వ ఆర్టికల్ ఆ హక్కు ఇచ్చింది. కాకపోతే అనవసరంగా లేట్ చెయ్యకూడదని కూడా అందులోనే రాసుంది. మన వైజాగ్ వాళ్లకి ఈజీగా చెప్పాలంటే, పోర్టుకొచ్చిన విదేశీ ఓడ ఎక్కి సర్వేయర్లు కాగితాలు, లైఫ్‌బోట్లు చూస్తారు కదా, అలాంటిదే ఇదీ.

మొదట అడిగేది లైసెన్స్, మెడికల్ సర్టిఫికెట్. మెడికల్‌లో కళ్లద్దాలు తప్పనిసరి అని ఉంటే ఇంకో ప్రశ్న వస్తుంది: "స్పేర్ జత ఏదండీ?" పెట్టుకున్నవి కాకుండా రెండో జత చేతికందేలా ఉండాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ల్యాండింగ్ టైమ్‌లో అద్దాలు పగిలితే? రాత్రి మందు కొట్టారా అన్నది మాత్రం నోటిమాట మీద నమ్మరు, దానికి బ్రీత్ ఎనలైజర్ ఉంది.

తర్వాత విమానం రిజిస్ట్రేషన్, ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్, లోడ్ షీట్. ఇవి టకటకా అయిపోతాయి.

అసలు కథ టెక్ లాగ్‌లో ఉంటుంది. విమానంలో ఏది పాడైనా అందులో రాయాలి. ఏదో ఒకటి పని చెయ్యకపోయినా ఎగరొచ్చా? కొన్నిసార్లు ఎగరొచ్చు, నిజంగానే. ఏది లేకపోయినా పర్లేదో చెప్పే లిస్ట్ ఉంది, దాని పేరు ఎంఈఎల్. కానీ గడువుంటుంది: బి కేటగిరీ అయితే 3 రోజులు, సి అయితే 10, డి అయితే 120. కనిపెట్టిన రోజు లెక్కలోకి రాదు. అందుకే "ఇది ఎప్పుడు రాశారు? గడువు ఎప్పటివరకు?" అని అడుగుతారు. గడువు దాటితే ఆ విమానం కదలదు.

ఇంధనం లెక్క కూడా అడుగుతారు. వైజాగ్‌లో దిగలేకపోతే ఎక్కడికి వెళ్తారు, అక్కడిదాకా సరిపోతుందా, ఆ పైన జెట్‌కి 30 నిమిషాల రిజర్వ్ ఉందా అని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఎయిర్‌పోర్ట్‌నే మూసేసింది. కాబట్టి ఇది ఉత్తి కాగితం ప్రశ్న కాదు.

మరి హద్దులు? యూరప్‌లో సాఫా అనే తనిఖీ పద్ధతి ఉంది. అందులో ఇన్‌స్పెక్టర్ తనే ప్యానెల్ తెరవకూడదు, స్విచ్ ముట్టుకోకూడదు. కావాలంటే సిబ్బందిని అడగాలి. పైలట్ చెక్‌లిస్ట్ మధ్యలో ఉంటే ఆగాల్సింది కూడా ఇన్‌స్పెక్టరే అని నా అభిప్రాయం.

ఇదంతా చాదస్తం అనుకుంటున్నారా? 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత డీజీసీఏ పెద్ద ఎయిర్‌పోర్టుల్లో తనిఖీలు చేసింది. టైర్లు అరిగిపోయాయని ఒక డొమెస్టిక్ ఫ్లైట్‌ని ఆపేశారు, సరిచేశాకే వదిలారు. సీట్ల కింద లైఫ్ జాకెట్లు సరిగ్గా పెట్టని విమానమూ దొరికింది.