తక్కువ కరెంటుతో లోహం తీస్తే కరెంటు మిగులుతుందా?



పాల్వంచలో ఫర్నేసు మీద చాలాకాలం పనిచేసి రిటైరైన మన దాత ఒకరు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "కొత్త టెక్నాలజీతో టన్నుకు కరెంటు తక్కువ కాలుతోందంటున్నారు. మరి బొగ్గు గనులు అడవిలోకి జరగడం ఆగుతుందా?" ఆయన సరదాకి అడగలేదు. మనకు అందే జకాత్, సదకాల్లో చాలా భాగం బొగ్గు, కరెంటు, కొలిమి జీతాల నుంచి వచ్చేదే. ఆ అడవి అంచున బతికేవాళ్ళూ మనవాళ్ళే.

పాల్వంచలో 1970ల నుంచి ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ ఉంది. ఉక్కులో కలిపే సిలికాన్, మాంగనీస్ మిశ్రమాలు అక్కడ తయారవుతాయి. ముడిరాయి, బొగ్గు కలిపి కొలిమిలో పోసి, అందులో దింపిన లావుపాటి కార్బన్ ఎలక్ట్రోడ్ల గుండా కరెంటు పంపుతారు. ఒక టన్ను ఫెర్రో సిలికాన్‌కు దాదాపు 8,500 నుంచి 9,000 యూనిట్లు కావాలి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది మూడున్నరేళ్ళ కరెంటు! సిలికో మాంగనీస్‌కు ఇందులో సగం, అంటే 4,000 యూనిట్ల వరకు సరిపోతుంది.

దీన్ని తగ్గించే మార్గాలు లేకపోలేదు. ముడిసరుకు తడి లేకుండా చూడాలి, రాళ్ళు సరైన సైజులో వేయాలి, కొలిమి మాటిమాటికీ ఆగకుండా నడపాలి. మంచి ఆపరేటర్‌కు ఇవన్నీ చేతికి తెలుసు. అయితే రాయిలో ఆక్సిజన్‌తో గట్టిగా పెనవేసుకున్న సిలికాన్‌ను విడదీయడానికి ప్రకృతి నిర్ణయించిన కనీస శక్తి ఒకటుంది. ఎంత గొప్ప టెక్నాలజీ అయినా ఆ గీత దిగువకు పోలేదు.

ఇక ఇనుము సంగతి. పాల్వంచలోనే స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో ప్రదర్శన ప్లాంటుగా మొదలై, 1980లో ఉత్పత్తి ప్రారంభించింది. మొదటి సామర్థ్యం ఏడాదికి 30,000 టన్నులు. 2010లో అది ఎన్.ఎం.డి.సి.లో కలిసిపోయింది. కోక్‌గా మార్చడానికి పనికిరాని మామూలు బొగ్గుతోనే, ఖనిజాన్ని కరిగించకుండా, తిరిగే గొట్టపు బట్టీలో ఇనుముగా మార్చడం అక్కడ అనుసరించిన పద్ధతి. కరెంటు ఖర్చు చాలా తక్కువ, టన్నుకు వంద యూనిట్లకు అటూ ఇటూ. పైగా పొగతో పోయే వేడితో కరెంటు కూడా తీయవచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాతే ఉంది. స్పాంజ్ ఐరన్ ఇంకా ఉక్కు కాదు. దాన్ని ఇంకెక్కడో ఇండక్షన్ ఫర్నేసులో కరిగించాలి. అక్కడ టన్నుకు ఆరేడు వందల యూనిట్లు, కొన్నిసార్లు అంతకు మించి కాలుతాయి. ఇక్కడి మీటరులో తిరగని కరెంటు అక్కడి మీటరులో తిరుగుతుంది. ఇప్పుడు అందరూ చెప్పుకునే హైడ్రోజన్ ఉక్కు కూడా అంతే. బొగ్గు మానేస్తుంది గానీ, హైడ్రోజన్ తయారీకే టన్నుకు వేల యూనిట్లు కావాలి. కాలుష్యం తగ్గడం, కరెంటు తగ్గడం ఒకటి కావు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం అపోహలు.

1865లోనే ఇంగ్లండు ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ దీన్ని పట్టుకున్నాడు. స్కాట్లాండ్‌లో టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మూడో వంతు కంటే తగ్గింది. అయినా 1830 నుంచి 1863 మధ్య అక్కడ మొత్తం బొగ్గు వాడకం పదింతలైంది. ఖర్చు తగ్గేసరికి ఇనుము చౌకైంది, గిరాకీ పెరిగింది, కొలిములు పెరిగాయి. అల్యూమినియం కథా ఇదే. 1950 ప్రాంతంలో టన్నుకు 20 వేల యూనిట్లకు పైగా పట్టేది ఇప్పుడు 14 వేల దగ్గరకు దిగింది. కానీ ప్రపంచ ఉత్పత్తి 15 లక్షల టన్నుల నుంచి 7 కోట్ల టన్నులకు చేరింది. మన హాస్టల్లో ఎల్.ఇ.డి. బల్బులు పెట్టాక వరండా లైట్లు తెల్లవార్లూ వెలగడం మొదలైంది చూడండి, "ఎంత కాలుతుందిలే" అని. నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీరు వృథా చేయవద్దని పిల్లలకు నేర్పేవాళ్ళమే మనం!

అయితే ఆ టెక్నాలజీ వ్యర్థమా? కాదు. ఫెర్రో అల్లాయ్స్ ఖర్చుల్లో కరెంటు బిల్లే అతి పెద్ద వాటిలో ఒకటి. రేటు పెరిగితే ఫర్నేసులు ఆగుతాయి, కాంట్రాక్టు కూలీలు ముందుగా ఇంటికి వెళ్తారు. టన్నుకు కొన్ని వందల యూనిట్లు ఆదా చేసిన ఫర్నేసు ఆరిపోకుండా నిలబడుతుంది. కార్మికుడికి ఇది శుభవార్తే. అడవికి మాత్రం దీనివల్ల దానంతట అది మేలు జరగదు. గనుల విస్తరణను ఆపేది అనుమతులు, హద్దులు, ప్రభుత్వ నిర్ణయాలు. ఫర్నేసు సామర్థ్యం ఆ పని చేయలేదు. ఆ దాతకు మేము ఇచ్చిన జవాబు ఇదే. ఆయనకు అది అంతగా నచ్చలేదు.

నిజంగా కరెంటు మిగిల్చేది ఇంకొకటుంది, పాత ఇనుము. తుక్కు కరిగించడానికి స్పాంజ్ ఐరన్ కంటే తక్కువ కరెంటు చాలు, గనిని తవ్వే పనీ లేదు. పాత అల్యూమినియం అయితే కొత్తదానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతుతోనే కరుగుతుంది. ఉన్న తుక్కు దేశానికి సరిపోదు, నిజమే. కట్టడాల్లోకి వెళ్ళిన ఇనుము దశాబ్దాల దాకా తిరిగి రాదు. అయినా తోపుడుబండి మీద పాత సామాను కొని, రాగి, ఇత్తడి, ఇనుము వేరుచేసి అమ్మే మన సోదరులు చేస్తున్నది ఈ పనే. ఏ రశీదులోనూ కనిపించని ఆదా అది.