టీసీపీ మాడ్యూల్ ఏం చేస్తుంది, ఏం చేయదు?

టీసీపీ అన్ని కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ముందే ఉంటుంది. అలాంటప్పుడు పీర్-టు-పీర్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ‘టీసీపీ ట్రాన్స్‌పోర్ట్ మాడ్యూల్’ అని విడిగా ఒకటి ఎందుకు తగిలిస్తారు? ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. లిబ్‌పీటూపీ అనే లైబ్రరీని దగ్గర పెట్టుకుని జవాబు వెతుకుదాం. ఐపీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల పంపిణీ వ్యవస్థలో భాగంగా పుట్టి, తర్వాత స్వతంత్రంగా ఎదిగిన లైబ్రరీ ఇది. 2020 డిసెంబరు 1న మొదలైన ఈథీరియం బ్లాక్‌చెయిన్‌కు చెందిన బీకన్ చైన్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ప్రధానంగా దీని ద్వారానే.

విడి మాడ్యూల్ ఎందుకు?

మామూలు యాప్‌లో సర్వర్ ఒక చోట కదలకుండా ఉంటుంది. దాన్ని ఎలా చేరాలో యాప్‌కు ముందే తెలుసు. పీర్-టు-పీర్‌లో ఆ నిశ్చింత లేదు. ప్రతి యంత్రమూ పిలిచేదే, పిలిస్తే పలికేదే. పైగా ఒకరిని టీసీపీ మీద చేరగలం, ఇంకొకరిని క్విక్ అనే మరో ప్రోటోకాల్ మీద. బ్రౌజర్‌లో తెరిచిన పేజీకైతే నేరుగా టీసీపీ కనెక్షన్ పెట్టుకునే అనుమతే లేదు. అది వెబ్‌సాకెట్, వెబ్‌ఆర్‌టీసీ వంటి దారులు చూసుకోవాలి. అందుకే లిబ్‌పీటూపీ ఏ ఒక్క దారికీ కట్టుబడదు. ఫలానా చిరునామా నాదేనా అని గుర్తుపట్టడం, ఆ చిరునామాకు కాల్ చేయడం, వచ్చే కాల్స్ కోసం వినడం: ఈ మూడూ చేయగలిగితే ఏదైనా ట్రాన్స్‌పోర్టే. ఆ మూడింటినీ టీసీపీ పరంగా చేసిపెట్టే చిన్న ముక్కే మన మాడ్యూల్.

చిరునామా తనదని ఎలా గుర్తుపడుతుంది?

లిబ్‌పీటూపీ చిరునామా ఇలా ఉంటుంది: /ఐపీ4/203.0.113.7/టీసీపీ/4001. (నిజానికి ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేదాన్ని ఇక్కడ తెలుగులో రాశాను.) దీని చివర, అవతలి యంత్రం గుర్తింపు అయిన పీర్ ఐడీ కూడా చేరవచ్చు. మనం ఉత్తరం మీద ఇంటి నంబరుతో మొదలుపెట్టి ఊరు, జిల్లా అంటూ పైకి వెళతాం. ఇది ఊరితో మొదలై ఇంటి గడప దాకా వస్తుంది. ముందు ఐపీ, తర్వాత టీసీపీ, దాని పోర్టు, చివర ఆ పోర్టు దగ్గర ఉండాల్సిన మనిషి. ఐపీ తర్వాత టీసీపీ అని కనిపించి, దాని తర్వాత వెబ్‌సాకెట్ లాంటిదేమీ లేకపోతే, టీసీపీ మాడ్యూల్ ఆ పనిని అందుకుంటుంది.

కనెక్షన్ ఎలా తయారవుతుంది?

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రతిపాదించగా, 1981లో ప్రమాణంగా స్థిరపడిన టీసీపీ ఇచ్చే హామీ ఒక్కటే: పంపిన బైట్లు వరుస తప్పకుండా చేరతాయి, దారిలో పోయినవాటిని మళ్లీ పంపుతారు. అవతల ఉన్నది ఎవరో అది చెప్పదు. మధ్యలో ఎవరూ చదవకుండా దాచదు. ఒకే కనెక్షన్‌లో పది సంభాషణలను విడివిడిగా నడపడం దానికి తెలియదు.

ఈ మూడు లోట్లనూ పై పొరలు పూడుస్తాయి. మొదట టీసీపీ కరచాలనం జరుగుతుంది. వెంటనే మల్టీస్ట్రీమ్-సెలెక్ట్ అనే చిన్న ప్రోటోకాల్‌తో ‘నీకు ఏ భద్రతా పద్ధతి వచ్చు?’ అని రెండు వైపులా తేల్చుకుంటాయి. నాయిస్ గానీ టీఎల్‌ఎస్ గానీ కుదురుతుంది. ఆ దశలోనే అవతలివాళ్లు తమ పబ్లిక్ కీని చూపించి, దాని జంట కీ తమ దగ్గరే ఉందని రుజువు చేసుకుంటారు. పీర్ ఐడీ ఆ పబ్లిక్ కీ నుంచే పుడుతుంది కాబట్టి, మనం వెతికిన ఐడీతో సరిపోకపోతే కనెక్షన్ అక్కడికక్కడే తెగిపోతుంది. తర్వాత మరోసారి బేరం కుదిరి, యామక్స్ వంటి మల్టిప్లెక్సర్ వస్తుంది. అప్పటినుంచి ఒకే టీసీపీ కనెక్షన్ మీద ఎన్నో స్ట్రీములు నడుస్తాయి. ఈ దశలన్నిటినీ కలిపి అప్‌గ్రేడ్ అంటారు. అందుకే ప్రోగ్రాంలో టీసీపీ మాడ్యూల్ ఒక్కటే పెడితే చాలదు. దాని పక్కన ఒక భద్రతా మాడ్యూల్, ఒక మల్టిప్లెక్సర్ కూడా ఉండాలి.

దీనికి మూల్యం లేకపోలేదు. ప్రతి దశకూ సందేశాలు అటూ ఇటూ తిరగాలి. హైదరాబాద్ నుంచి అమెరికాలోని యంత్రానికి ఒకసారి వెళ్లిరావడానికే సుమారు పావు సెకను పడుతుంది. అలాంటివి మూడో నాలుగో అయితేగానీ మొదటి మాట కదలదు.

ఇంట్లో పనిచేసింది, బయటివాళ్లకు ఎందుకు అందదు?

మొదట ఏ చిరునామా మీద వింటున్నారో చూడండి. 127.0.0.1 మీద వింటే ఆ యంత్రానికి తప్ప ఎవరికీ వినపడదు. 0.0.0.0 అంటే ఆ యంత్రానికున్న అన్ని ఐపీవీ4 చిరునామాల మీదా వినమని. పోర్టు 0 అని ఇస్తే, ఖాళీగా ఉన్న పోర్టును ఆపరేటింగ్ సిస్టమే ఎంచుతుంది. పరీక్షలకు అది బాగుంటుంది గానీ, పదిమందికీ చిరునామా ఇచ్చుకోవాల్సిన నోడ్‌కు (నెట్‌వర్క్‌లోని యంత్రానికి) కాదు.

అవన్నీ సరిగ్గా ఉన్నా అందకపోతే, అడ్డు నాట్ (ఒకే బయటి చిరునామాను అనేక యంత్రాలకు పంచే పద్ధతి) కావచ్చు. మీ రూటర్‌కు బయటి వైపు వచ్చిన చిరునామా 100.64తో మొదలుకొని 100.127 వరకు ఉన్న శ్రేణిలో ఉంటే, మీ ఇంటర్నెట్ సంస్థ ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతోందన్నమాట. రూటర్‌లో పోర్టు తెరిచినా లాభం ఉండదు.

ఇక్కడ మాడ్యూల్ చేసే ఒక తెలివైన పని చెప్పాలి. గో భాషలోని లిబ్‌పీటూపీ వీలైనంతవరకు తాను వినే పోర్టు నుంచే బయటికి కాల్ చేస్తుంది. దానివల్ల అవతలివాళ్లకు కనిపించే బయటి చిరునామా, మనల్ని తిరిగి చేరడానికి పనికొచ్చే అవకాశం ఉంటుంది. ఇద్దరూ నాట్ వెనకే ఉంటే, మధ్యవర్తి రిలే ద్వారా సమయం కుదుర్చుకుని ఇద్దరూ ఒకేసారి కాల్ చేస్తారు. రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చే పిలుపుకు టీసీపీ ప్రమాణంలో 1981లోనే చోటుంది. ఎవరు మొదలుపెట్టినవాళ్లో టీసీపీకి తేలదు కాబట్టి, ఆ పాత్రలను రిలే మీదే ముందుగా నిర్ణయించుకుంటారు. ఇది ప్రతిసారీ ఫలించదు. ఫలించనప్పుడు రిలే మీదే కొనసాగాలి.

క్విక్ వచ్చాక టీసీపీ ఎందుకు?

క్విక్ భద్రతనూ స్ట్రీములనూ తనలోనే ఇముడ్చుకుంది, వేగంగా కలుపుతుంది. టీసీపీలో ఒక్క ప్యాకెట్ పోతే, అది మళ్లీ వచ్చేదాకా దాని మీద నడిచే స్ట్రీములన్నీ ఆగుతాయి. క్విక్‌లో ఆ ప్యాకెట్‌కు సంబంధించిన స్ట్రీము మాత్రమే ఆగుతుంది. అయినా టీసీపీని తీసేయవద్దనే నేనంటాను. క్విక్ నడిచేది యూడీపీ అనే వేరే ప్రోటోకాల్ మీద. దాన్ని మూసేసే ఆఫీసు, కాలేజీ నెట్‌వర్కులు ఇంకా ఉన్నాయి. ఈథీరియం కన్సెన్సస్ నోడ్‌లు తప్పనిసరిగా టీసీపీతో పనిచేయగలగాలని దాని నిర్దేశాల్లోనే ఉంది. రెండూ పెట్టుకోవడమే మేలు.

పనిచేయనప్పుడు ఎక్కడ వెతకాలి?

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే సాధారణంగా అవతలి యంత్రం దాకా వెళ్లాం, ఆ పోర్టులో వినేవాళ్లు లేరు. ఏ జవాబూ రాక సమయం మించిపోతే ఫైర్‌వాల్‌నో నాట్‌నో అనుమానించండి. ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అంటే, ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ఫైల్ డిస్క్రిప్టర్ ఖర్చయి పరిమితి దాటిందని. చాలా లైనక్స్ యంత్రాల్లో ఒక ప్రోగ్రాంకు మొదట ఉండే హద్దు 1024. దాన్ని పెంచండి, కనెక్షన్ల సంఖ్యకూ ఒక కట్టడి పెట్టండి. కలిసినట్టే కలిసి క్షణంలో తెగిపోతుంటే మాత్రం టీసీపీ మాడ్యూల్ తన పని ముగించినట్టే. రెండు వైపులకూ ఉమ్మడి భద్రతా పద్ధతి ఉందా, ఒకే మల్టిప్లెక్సర్ ఉందా, చిరునామా చివరి పీర్ ఐడీ పాతదా అన్నవి చూడండి. నోడ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పాత కీని దాచిపెట్టకపోతే కొత్త ఐడీ పుడుతుంది. ఐపీ, పోర్టు అవే ఉన్నా పాత చిరునామాతో వచ్చేవాళ్లకు తలుపు తెరుచుకోదు.