కుర్చీ మేయర్‌ది, సంతకం కమిషనర్‌ది

2022 డిసెంబరులో మాండౌస్ తుపాను తీరం దాటిన మర్నాడు చెన్నైలో తీసిన ఒక దృశ్యం పెద్ద వివాదమైంది. ముఖ్యమంత్రి కాసిమేడు ప్రాంతాన్ని పరిశీలించడానికి వచ్చినప్పుడు ఆయన వాహనశ్రేణిలోని ఒక కారును పట్టుకుని, ఫుట్‌బోర్డు మీద నిలబడి వేలాడుతూ వెళ్తున్న మహిళ ఆ నగర మేయర్ ఆర్. ప్రియ. ఆమెతోపాటు నగర కమిషనర్ కూడా అలాగే వేలాడుతున్నారు. దళిత మహిళా మేయర్‌ను ఇలా అవమానిస్తారా అని ప్రతిపక్షాలు నిలదీశాయి. తొందరగా చేరుకోవాలని తానే ఎక్కానని ఆమె వివరణ ఇచ్చారు. ఆ మాటను శంకించవలసిన అవసరం నాకు కనిపించదు. ఐఏఎస్ అధికారి కూడా వేలాడారు కదా అన్న వాదనలోనూ నిజం లేకపోలేదు. అయితే ఒక తేడా ఉంది. కమిషనర్ ఆ కారు దిగి కార్యాలయానికి వెళ్ళి సంతకం పెడితే నగరంలో పని మొదలవుతుంది. మేయర్ సంతకానికి అంత బలం ఉందా? మద్రాసు మేయర్ పదవి చరిత్రను కులం దృష్టితో చదివితే, మూడు వందల ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నే రకరకాల రూపాల్లో ఎదురవుతుంది.

భారతదేశంలో అన్నిటికంటే పాత నగరపాలక సంస్థ మద్రాసుదే. ఈస్టిండియా కంపెనీ 1688లో దానిని ప్రారంభించి నథానియల్ హిగిన్సన్‌ను మొదటి మేయర్‌గా కూర్చోబెట్టింది. ఆయన వెంట నియమించిన ఆల్డర్‌మెన్‌లలో చిన వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళంగాత్త పిళ్ళై అనే స్థానికులూ ఉన్నారు. ఉద్దేశం ప్రజాస్వామ్యం కాదు. పన్ను కట్టడానికి మొరాయిస్తున్న నగరవాసుల చేత, వారి పెద్దమనుషుల ద్వారానే పన్ను కట్టించడం. ఆ పెద్దమనుషులు ఎవరన్నది కులం తేల్చింది. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అంటూ చీలిన ఆనాటి నల్లపట్టణంలో ఏ వీధి గుండా ఎవరి పెళ్ళి ఊరేగింపు పోవాలన్న తగాదా 1707లో గవర్నర్ థామస్ పిట్‌కు పెద్ద తలనొప్పిగా మారింది. నగర సభలో ఎవరు కూర్చోవాలన్నది, ఏ వీధిలో ఎవరు నడవాలన్న తగాదాతో మొదటి రోజు నుంచే ముడిపడి ఉంది.

ఆధునిక రాజకీయాల అర్థంలో మద్రాసు నగరపాలక సంస్థ తొలిసారి కులాన్ని బాహాటంగా ప్రస్తావించింది పిట్టి త్యాగరాయ చెట్టి కాలంలో. ఆయన దేవాంగుడు, తెలుగు నేతకార కుటుంబం వాడు. 1916 బ్రాహ్మణేతర ప్రకటన మీద ఉన్నది ఆయన సంతకమే. కార్పొరేషన్‌కు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షుడు కూడా ఆయనే. జస్టిస్ పార్టీ గెలిచాక ప్రభుత్వానికి నాయకత్వం వహించమని గవర్నర్ పిలిస్తే కాదని, నగరసభలోనే ఉండిపోయాడు. బ్రాహ్మణేతర ఉద్యమానికి మద్రాసు నగరపాలక సంస్థ ఒక బడి వంటిదని చరిత్రకారులు రాస్తారు. ఆ మాట నిజమే. కానీ ఆ బడిలో వెనుక బెంచీలో కూర్చున్నవాళ్ళు ఎప్పుడు లేచి బయటకు నడిచారన్నది కూడా చెప్పాలి.

1921లో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల్లో సమ్మె జరిగింది. సవర్ణ కార్మికులు, ముస్లింలు పని మానేస్తే, ఆదిద్రావిడ కార్మికులలో చాలామంది పనిలోకి వెళ్ళారు. పుళియంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, మనుషులు చనిపోయారు. జస్టిస్ పార్టీ పెద్దలు తప్పును ఆదిద్రావిడుల మీదికీ, వారికి కొమ్ముకాస్తోందంటూ ప్రభుత్వ కార్మిక శాఖ మీదికీ నెట్టారు. త్యాగరాయ చెట్టి అందులో ముందున్నాడు. రెండేళ్ళు తిరక్కముందే, 1923లో, ఎం.సి. రాజా తన అనుచరులతో ఆ పార్టీని వదిలేశాడు. 'బ్రాహ్మణేతరులు' అన్న విశాలమైన మాటలో దళితుల చోటు ఎంతో తేల్చిన ఘటన అది. మన ఆంధ్ర దేశంలో జస్టిస్ రాజకీయాలను పొగిడేవాళ్ళు ఈ పేజీని తొందరగా తిప్పేస్తారు.

అధ్యక్షుడు అన్న పేరు పోయి మేయర్ అన్న పేరు తిరిగి వచ్చింది 1933లో. రాజా ముత్తయ్య చెట్టియార్ మొదటివాడు. అప్పటి నుంచి ఏడాదికొక మేయర్. సభ్యులే ఎన్నుకునేవారు. వరుసగా ఆ పేర్లు చదివితే ఒక పంపకం కనిపిస్తుంది: చెట్టియార్, ముస్లిం, నాయుడు, ఆదిద్రావిడుడు, బ్రాహ్మణుడు, క్రైస్తవుడు. 1937లో జె. శివషణ్ముగం పిళ్ళై మేయరయ్యాడు. ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే. తర్వాత మద్రాసు శాసనసభ స్పీకర్ కూడా అయ్యాడు. రెండేళ్ళకు సత్యమూర్తి వచ్చాడు. 1945లో ఎన్. శివరాజ్. ఈయన మన కడపలో పుట్టినవాడు, మద్రాసు లా కళాశాలలో పాఠం చెప్పినవాడు. మేయర్ కుర్చీలో కూర్చునే నాటికే అంబేడ్కర్ స్థాపించిన అఖిల భారత షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌కు అధ్యక్షుడు. ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీకి తొలి అధ్యక్షుడూ ఆయనే అయ్యాడు. తెలుగునాట అంబేడ్కర్ ఉద్యమ చరిత్రలో శివరాజ్ పేరు ఎంత అరుదుగా వినిపిస్తుందో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఒక మహానగరానికి దళితులు మేయర్లయ్యారంటే అది చిన్న విషయం కాదు. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ కుర్చీ అంత సులువుగా చేతులు మారడానికి కారణం వెతకాలి. 1919 నాటి నగర చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని కమిషనర్‌కు అప్పగించింది. ఆయనను నియమించేది ప్రభుత్వం. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తాడు, విదేశీ అతిథులకు స్వాగతం చెబుతాడు, దుస్తుల మీద బంగారు గొలుసు వేసుకుంటాడు. ఏడాది తిరిగేసరికి ఆ గొలుసు ఇంకొకరి మెడలో ఉంటుంది. నిర్ణయం చేయని కుర్చీని పంచుకోవడానికి ఏ కులానికీ పెద్ద అభ్యంతరం ఉండదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే రోజుల్లో ఈ కుర్చీ తెలుగువారికీ తమిళులకూ మధ్య పోరుకు వేదికైంది. 1953లో టి. చెంగల్వరాయన్ మేయర్‌గా ఉన్నప్పుడు నగరసభ మద్రాసు తమిళులదేనని తీర్మానించింది. ఇవతల మనం 'మద్రాసు మనదే' అన్నాం. ఆ వాదనలో మనం లెక్కపెట్టిన తెలుగువారు వర్తకులు, జమీందారులు, వకీళ్ళు, పత్రికాధిపతులు. నగరం మలం ఎత్తడానికీ వీధులు ఊడ్చడానికీ తెలుగు పల్లెల నుంచి వెళ్ళి, ఆది ఆంధ్రులన్న పేరుతో అక్కడే తరతరాలుగా బతుకుతున్న దళితులు ఆ లెక్కలో లేరు. నగరం మీద హక్కు అడిగినవారికి, ఆ నగరాన్ని శుభ్రంగా ఉంచుతున్న తమ భాషవారే గుర్తుకు రాలేదు.

1959లో నగరసభను డీఎంకే గెలుచుకుంది. రాష్ట్ర అధికారం చేతికి రావడానికి ఎనిమిదేళ్ళ ముందు ఆ పార్టీకి దొరికిన తొలి పెద్ద మెట్టు అది. 1969లో వై. బాలసుందరం మేయరయ్యాడు. తర్వాత అంబేడ్కర్ పేరుతో సొంత సంస్థ పెట్టిన దళిత నాయకుడాయన. ఆ తర్వాత నాలుగేళ్ళకు మస్టర్ రోల్ కుంభకోణం బయటపడింది. కూలీల హాజరు పట్టీలలో లేనివాళ్ళ పేర్లు రాసి డబ్బు కాజేశారన్నది ఆరోపణ. 1973లో నగరసభ రద్దయింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 1996లో. ఇరవై మూడేళ్ళు నగరాన్ని అధికారులే పాలించారు. మధ్యలో ఏ కులం వంతు పోయిందని అడిగినవారు లేరు.

1996లో ప్రత్యక్ష ఎన్నికలో ఎం.కె. స్టాలిన్ గెలిచాడు, 2001లో మళ్ళీ గెలిచాడు. ఒకరికి రెండు పదవులు కుదరవని 2002లో జయలలిత ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఆ పదవి వదులుకున్నాడు. 2006లో పరోక్ష ఎన్నిక, 2011లో మళ్ళీ ప్రత్యక్షం, 2022లో మళ్ళీ పరోక్షం. ఎవరికి ఏది లాభమో దానిని బట్టి నిబంధన మారింది. 2016లో జరగవలసిన ఎన్నికలు కోర్టు వివాదాల్లో పడి ఐదేళ్ళకు పైగా ఆగిపోయాయి. ప్రత్యక్ష ఎన్నిక జరిగిన మూడు సార్లూ ఆ కుర్చీ ద్రావిడ పార్టీల అగ్రనాయకత్వానికో, దానికి దగ్గరివారికో చేరింది తప్ప దళితుల దాకా రాలేదు. నగరమంతా ఓటేస్తే ప్రజాస్వామ్యం గట్టిపడుతుందన్న వాదన వినడానికి బాగుంటుంది. అభ్యర్థిని నిలబెట్టేది పార్టీయేనని, పార్టీకి కులం ఉంటుందని మరిచిపోతే ఇంకా బాగుంటుంది.

2022 జనవరిలో చెన్నై, తాంబరం మేయర్ పదవులను షెడ్యూల్డు కులాల మహిళలకు కేటాయించారు. డీఎంకే 200 వార్డులలో 153 గెలిచింది. ఇరవై ఎనిమిదేళ్ళ ప్రియ నగరానికి తొలి దళిత మహిళా మేయర్ అయ్యారు. తారా చెరియన్, కామాక్షి జయరామన్ తర్వాత మూడో మహిళ. ఇక్కడ రాజ్యాంగంలోని ఒక తేడాను గమనించాలి. గ్రామ పంచాయతీల విషయంలో 243డి అధికరణం అధ్యక్ష పదవులలో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో వాటా ఉండాలని స్పష్టంగా చెబుతుంది. నగరాల విషయంలో 243టి ఆ రిజర్వేషన్ పద్ధతిని రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలేసింది. సర్పంచ్ పదవికి ఉన్న రక్షణ మేయర్ పదవికి లేదు. ఊరి పెద్దరికంలో వాటా ఇవ్వడానికి ఒప్పుకున్న రాజ్యాంగ సవరణ, నగర పెద్దరికం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తడబడిందో 1992 నాటి పార్లమెంటే చెప్పాలి.

2025 ఆగస్టు 1న రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య కార్మికులు రిప్పన్ భవనం ముందు కాలిబాట మీద కూర్చున్నారు. వీధులు ఊడ్చే పనిని ప్రైవేటు సంస్థకు అప్పగించవద్దని, ఏళ్ళ తరబడి చేస్తున్న ఉద్యోగాలను నగరపాలక సంస్థ కిందే ఉంచాలని వారి కోరిక. ఎక్కువమంది దళితులు, అందులో మహిళలే అధికం. మేయర్ ప్రియ వార్డు ఉన్నది ఆ తిరు.వి.క. నగర్ జోన్‌లోనే. 1921లో ఇళ్ళు తగలబడిన పుళియంతోపు ఉన్నదీ అక్కడే. జోన్‌కు పెట్టిన పేరేమో ఆ ఏడాది మిల్లు కార్మికుల సంఘాన్ని నడిపిన తిరు.వి. కల్యాణసుందరంది. కార్మికులతో చర్చలకు మంత్రులు వచ్చారు, మేయర్ వారి పక్కన కూర్చున్నారు. ఆగస్టు 13 రాత్రి, హైకోర్టు ఆదేశం తర్వాత, పోలీసులు అందరినీ వాహనాల్లో ఎక్కించి తీసుకుపోయారు.

దళిత మేయర్ ఉండి ఏం లాభమని అప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి నాకు రుచించదు. ఇదే విధానాన్ని మిగతా జోన్లలో అమలుచేసిన రోజుల్లో పాలకుల కులం గురించి ఎవరూ అడగలేదు. తన పార్టీ ప్రభుత్వ విధానాన్ని కాదనే శక్తి పార్టీ ఎంపిక చేసిన మేయర్‌కు లేదు. కమిషనర్‌ను ఆదేశించే శక్తి చట్టం ఆమెకు ఇవ్వలేదు. ఈ రెండూ లేని చోట ఆమె కులాన్ని మాత్రం బోనెక్కించడం న్యాయం కాదు. అయితే ఆమె పార్టీ కూడా 'మేం దళిత మహిళను మేయర్ చేశాం' అని చెప్పుకునేటప్పుడు, ఆ కుర్చీకి ఏం ఇచ్చామో చెప్పదు. పైగా షెడ్యూల్డు కులాల మహిళకు సీటు వచ్చినంత మాత్రాన ఊడ్చే చేతుల కులాలకు వాటా వచ్చినట్టు కాదు. తమిళనాడు 2009లోనే మాదిగ, ఆది ఆంధ్ర, చక్కిలియ తదితర ఏడు కులాలకు విద్య, ఉద్యోగాలలో 3 శాతం అంతర కోటా ఇచ్చింది. వర్గీకరణ కోసం మూడు దశాబ్దాలు పోరాడిన మనకు ఈ లెక్క కొత్త కాదు. ఎన్నికల పదవులకు మాత్రం ఆ లెక్క ఎక్కడా లేదు.

హైదరాబాద్ సంగతి చూద్దాం. మాడపాటి హనుమంతరావు 1951లో మేయరయ్యారు. ఇక్కడా 1970 నుంచి 1986 దాకా, 1991 నుంచి 2002 దాకా పాలకమండలి లేదు. 2002లో నగరమంతా ఓటేసి తీగల కృష్ణారెడ్డిని ఎన్నుకుంది. తర్వాత బండ కార్తీకరెడ్డి, ఒప్పందం ప్రకారం మధ్యలో మాజిద్ హుస్సేన్, 2016లో బీసీ కోటాలో బొంతు రామ్మోహన్, 2021లో జనరల్ మహిళ కోటాలో గద్వాల విజయలక్ష్మి. రాజ్యాంగ సవరణ తర్వాత నాలుగు పాలకమండళ్ళు ఏర్పడితే ఒక్కసారి కూడా ఈ పదవి ఎస్సీలకు రాలేదు. హైదరాబాద్ జిల్లాలో ఎస్సీల జనాభా 2011 లెక్కల ప్రకారం 6 శాతం పైచిలుకు, చెన్నైలో 17 శాతానికి దగ్గర. ఆ తేడాను కాదనలేం. కానీ భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన నగరం ఇది. వంతు ఎప్పుడొస్తుందని అడిగే హక్కు ఈ నగర దళితులకు జనాభా లెక్కతోనే ముగిసిపోదు.

వంతు వచ్చినా ఇక్కడి చట్టంలోనూ సంతకం కమిషనర్‌దే. ఇందుకు భిన్నమైన నమూనా దేశంలో లేకపోలేదు. కలకత్తాలో 1980 నాటి చట్టం మేయర్‌కు మంత్రిమండలి వంటి బృందాన్ని, నిజమైన కార్యనిర్వాహక అధికారాన్ని ఇచ్చింది. 1985 నుంచి ఆ కుర్చీలో కూర్చున్నవారి పేర్లు వరుసగా ఇవి: కమల్ బసు, ప్రశాంత చటర్జీ, సుబ్రత ముఖర్జీ, వికాస్ రంజన్ భట్టాచార్య, శోభన్ చటర్జీ, ఫిర్హాద్ హకీం.