ఉత్తరమే నేరమైన చోట

కెమెరా తిరిగివ్వమని జాబు రాసిన భిలాయ్ చిత్ర దర్శకుడు జైలుకెళ్లాడు. ఛత్తీస్‌గఢ్‌లో ఉత్తరం సాక్ష్యమూ అవుతుంది, ఆసరా కూడా.

పోయిన కెమెరా కోసం రాసిన ఒక్క ఉత్తరం. భిలాయ్‌కి చెందిన డాక్యుమెంటరీ దర్శకుడు అజయ్ టి.జి.ని 2008 మే 5న అరెస్టు చేసినప్పుడు పోలీసులు చూపిన ప్రధాన ఆధారం అదే. 2004 లోక్‌సభ ఎన్నికలప్పుడు పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ తరఫున ఆయన నక్సల్ ప్రభావిత ప్రాంతానికి వెళ్లారు. అక్కడ కెమెరా లాగేసుకున్నారు. దాన్ని వెనక్కి ఇప్పించమని ఆయన మావోయిస్టులకు రాసిన జాబు దాదాపు నాలుగేళ్ల తర్వాత పోలీసుల చేతికి చిక్కింది. సొత్తు పోగొట్టుకున్నవాడే నిందితుడయ్యాడు.

అజయ్ అనామకుడేమీ కాదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ భిలాయ్ కార్మికుల జీవితంపై 2020లో వెలువరించిన బృహద్గ్రంథానికి సహకారి. అంతకుముందే జైలుపాలైన డాక్టర్ బినాయక్ సేన్‌పై సినిమా తీశారు. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారం 1959లో తొలి కొలిమి వెలిగించినప్పటి నుంచి భిలాయ్ దేశ ప్రగతికి ప్రతీక. ఆ నగరానికి మరో చరిత్ర కూడా ఉంది. కాంట్రాక్టు కార్మికుల నాయకుడు శంకర్ గుహా నియోగీని 1991 సెప్టెంబరు 28న నిద్రలో ఉండగా కాల్చి చంపింది ఇక్కడే. మరుసటి ఏడాది జులై 1న రైలు పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపిందీ ఇక్కడే.

అజయ్‌పై ప్రయోగించింది 2005 నాటి ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం. మావోయిస్టు హింసను అణచడానికి అది తప్పదన్నది ప్రభుత్వ వాదన. బస్తర్‌లో ఆ హింస నిజమే. కానీ శాంతిభద్రతలకు ఆటంకం కలిగించే ‘ధోరణి’ ఉన్న మాట, రాత, దృశ్యం ఏదైనా చట్టవ్యతిరేక కార్యకలాపం కిందికి వచ్చేలా నిర్వచనం ఉంది. రాసేవాడూ, కెమెరా పట్టేవాడూ తేలిగ్గా దొరికిపోయేది అక్కడే. 1992 నాటి ప్రజాభద్రతా చట్టాన్ని చూసిన తెలుగువారికి ఈ భాష కొత్త కాదు. నిర్ణీత 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయలేకపోవడంతో 2008 ఆగస్టులో అజయ్ బెయిలుపై విడుదలయ్యారు. అరెస్టుకు సరిపోయిన ఉత్తరం చార్జిషీటుకు చాలలేదన్నమాట.

సేన్ కేసు నడిచిందీ ఉత్తరాల మీదే. రాయ్‌పూర్ జైల్లో ఉన్న మావోయిస్టు నేత నారాయణ్ సన్యాల్ జాబులను బయటికి చేరవేశారన్నది 2007 మే 14న అరెస్టయిన ఆయనపై ఆరోపణ. జైలు అధికారుల అనుమతితోనే ఆయన్ను కలిశానని సేన్ చెప్పారు. 2010 డిసెంబరు 24న యావజ్జీవ శిక్ష పడింది. గాంధీ ఆత్మకథ దగ్గరున్నంత మాత్రాన ఎవరూ గాంధేయవాది అయిపోరన్న వ్యాఖ్యతో సుప్రీంకోర్టు 2011 ఏప్రిల్ 15న బెయిలిచ్చింది.

ఆయన కోసం నడిచిన ప్రచారానికీ ఉత్తరమే ఆయుధం. 2008 మేలో 22 మంది నోబెల్ గ్రహీతలు ఆయన్ను విడుదల చేయాలని భారత ప్రభుత్వానికి లేఖ రాశారు. ఈ పద్ధతికి 1961లో బ్రిటిష్ న్యాయవాది పీటర్ బెనెన్‌సన్ ప్రారంభించిన ఆమ్నెస్టీ ఉద్యమం ప్రపంచమంతటా ప్రచారం తెచ్చింది. కిటుకు చాలా చిన్నది. ఖైదీకి వచ్చే ప్రతి జాబునూ జైలు సిబ్బంది ముందుగా చదువుతారు. లోపలున్న మనిషిని బయట ఎవరో కనిపెట్టుకుని ఉన్నారని ఖైదీ కంటే ముందు జైలరుకే తెలుస్తుంది.

కాలం మారింది, కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. భిలాయ్ కార్మికుల కేసులు వాదించిన సుధా భరద్వాజ్, హైదరాబాద్‌లో కవి వరవరరావు 2018 ఆగస్టు 28న ఒకే రోజు భీమా కోరేగావ్ కేసులో అరెస్టయ్యారు. మళ్లీ ఉత్తరాలే ఆధారం. సహనిందితుడు రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి వాటిని బయటివారు చొప్పించారని అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ 2021లో నివేదిక ఇచ్చింది. సుధ ఆ ఏడాది డిసెంబరులో, వరవరరావు 2022 ఆగస్టులో ఆరోగ్య కారణాలపై బెయిలు పొందారు.

పెద్ద పేర్లకు ప్రపంచం జాబులు రాస్తుంది. చిన్న ఊరి విలేకరికి రాసేదెవరు? 2015లో అరెస్టయిన బస్తర్ విలేకరి సంతోష్ యాదవ్ నిర్దోషిగా తేలడానికి 2020 వరకు ఆగాల్సి వచ్చింది. రోడ్డు పనుల్లో అవినీతిని బయటపెట్టిన బీజాపూర్ విలేకరి ముఖేశ్ చంద్రాకర్ శవం 2025 జనవరి 3న ఒక కాంట్రాక్టర్ ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. విలేకరుల రక్షణకు 2023లోనే రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అది ఉందన్న భయం మాత్రం హంతకులకు కలగలేదు.