గొలుసుకట్టు సాఫ్ట్‌వేరు: నాణ్యతను పరీక్షించుట ఎట్లు?

గ్రామ పంచాయతీల ప్రణాళికలును, జమాఖర్చులును నేడు కంప్యూటరు ద్వారా నడుచుచున్నవి. ఇందులకై కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమున, ఈ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటును ప్రారంభించినది. జనన మరణముల నమోదు, పింఛనుల చెల్లింపు మున్నగు పనులకు కూడ ప్రోగ్రాములే ఆధారము. రికార్డు పుస్తకమునకు చెదలు పట్టినచో కంటికి కనబడును. ప్రోగ్రామునకు పట్టిన చెదలు కనబడవు. కావున వాని మంచిచెడ్డలను నిపుణులు ఎట్లు పరీక్షింతురో సభ్యులు కొంత ఎరిగియుండుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒకదానిపై నొకటి

కంప్యూటరు ఏ పనిని ఏ వరుసలో చేయవలెనో తెలుపు వ్రాతకు కోడు అని పేరు. ప్రోగ్రామును తయారుచేయువారు కోడునంతయు స్వయముగా వ్రాయరు. తేదీలను లెక్కించుటకును, సమాచారమును ఇతరులకు తెలియకుండ పంపుటకును, ఇతరులు వ్రాసి బహిరంగముగా ఉంచిన కోడును తెచ్చి చేర్చుకొందురు. ఆ తెచ్చిన కోడు వేరొక కోడుపై ఆధారపడియుండును, అది మరియొకదానిపై.

మన గొలుసుకట్టు చెరువులను తలచుకొన్నచో ఈ సంగతి తేటపడును. పై చెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును చేరును. పై చెరువుకు గండి పడినచో ఆ వరద క్రింది కట్టలను కూడ తెంపవచ్చును. తమ ఊరి కట్ట గట్టిగా నున్నదని క్రింది ఊరివారు నిశ్చింతగా నుండుటకు వీలులేదు గదా!

రెండు గుణపాఠములు

రసీదుపై 7 అను సంఖ్యను 007 అని వ్రాయుటకు ఎడమ ప్రక్క రెండు సున్నలు చేర్చవలెను. ఇంతమాత్రపు పని చేయు ‘లెఫ్ట్-ప్యాడ్’ అను కోడు 11 పంక్తులు మాత్రమే. 2016 మార్చి 22వ తేదీన, వేరొక కోడు పేరును గూర్చి వచ్చిన తగవు వలన, దాని కర్త దానిని ఎన్‌పీఎం అను ఉమ్మడి భాండారము నుండి తొలగించెను. వెంటనే ప్రపంచమంతట వేలకొలది ప్రోగ్రాముల తయారీ నిలిచిపోయెను. కొన్ని గంటలలో దానిని తిరిగి చేర్చిరి.

రెండవది ఇంతకంటె ప్రమాదకరము. జరిగిన పనులను చిట్టాలో నమోదు చేయు ‘లాగ్‌ఫోర్‌జె’ అను కోడులో ఒక లోపము 2021 డిసెంబరులో బయటపడెను. అర్జీలోని మాటలను పుస్తకములో ఎక్కించుటకు బదులు, గుమాస్తా వానిని పై అధికారి ఆజ్ఞలుగా పాటించినచో ఎట్లుండును? ఆ కోడు అట్లే చేయుచుండెను. దీని తీవ్రతను నిపుణులు 10కి 10గా నిర్ణయించిరి.

అప్పుడు గూగుల్ సంస్థ నిపుణులు జావా భాషలోని కోడును భద్రపరచు ‘మేవెన్ సెంట్రల్’ భాండారమును పరిశీలించిరి. 35,000కు మించిన భాగములు, అనగా భాండారములో నూటికి 8కి పైగా, ఈ లోపమునకు గురియైనట్లు తేలెను. వానిలో అధిక భాగము లాగ్‌ఫోర్‌జెను నేరుగా తెచ్చుకొన్నవి కావు. నూటికి 80కి పైగా భాగములలో లోపము ఒక మెట్టుకంటె లోతున నుండెను; కొన్నిట తొమ్మిది మెట్ల లోతున నుండెను. అడుగున చేసిన మరమ్మతు ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి రావలెను. అందువలన లోతు ఎక్కువైనకొలది ఆలస్యమును ఎక్కువగును.

పరీక్షించు విధము

మొదటి పరీక్ష కోడునకు సంబంధించినది. దానిని నడపకయే చదివి తప్పులు పట్టు సాధనములు గలవు. నడిపి ఫలితములను సరిచూచు పరీక్షలును గలవు. ఒకరు వ్రాసినదానిని వేరొకరు చదివి ఒప్పుకొనుట కూడ ముఖ్యము.

రెండవది సంబంధములకు చెందినది. ఏ భాగము దేనిపై ఆధారపడినదో పట్టిక వ్రాసి, ఎక్కువమంది ఆధారపడిన భాగములోని తప్పును ముందుగా సరిచేయవలెను. ఎవరును వాడని భాగములో నూరు తప్పులున్నను నష్టము స్వల్పము. అందరును వాడు భాగములో ఒక్క తప్పు చాలును.

మూడవది పోషణకు చెందినది. నీరటి లేని చెరువు ఎట్టిదో, బాధ్యుడు లేని కోడు అట్టిది. ఓపెన్ సోర్స్ సెక్యూరిటీ ఫౌండేషన్ 2020లో వెలువరించిన ‘స్కోర్‌కార్డు’ అను సాధనము, కోడును ఎవరైన కనిపెట్టియున్నారా, మార్పులను రెండవవారు చూచుచున్నారా మున్నగు విషయములను పరిశీలించి 0 నుండి 10 వరకు మార్కులు వేయును.

అయినను మార్కులే సర్వము కావు. సమాచారమును కుదించి భద్రపరచు ‘ఎక్స్‌జెడ్’ అను కోడునకు ఒక్కరే ముఖ్య పోషకుడుగా నుండగా, సహాయకుని వలె చేరిన వేరొకడు సుమారు రెండేండ్లు నమ్మకముగా పనిచేసి, పిమ్మట అందులో దొంగదారి నుంచెను. 2024 మార్చిలో, కంప్యూటరులోనికి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించిన ఒక ఇంజనీరు వలన అది బయటపడెను. సాధనము లెక్కకట్టగలదు, సందేహించి వెదకువాడు మనుష్యుడే.

సభ్యులు అడుగవలసినవి

పంచాయతీ నిధులతో ఏ ప్రోగ్రామునైనను కొనునపుడు ధర యొక్కటే చూచుట చాలదు. ఇందులో ఏయే భాగములు చేరినవి? వాని పట్టిక ఇత్తురా? ఒక భాగములో లోపము తెలిసినచో ఎన్ని దినములలో సరిచేయుదురు? ఐదేండ్ల తరువాత దీనిని చూచువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానములు ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను. వీనిని అడుగుటకు కోడు వ్రాయుట రానక్కరలేదు. తూము ఎవరి చేతిలో నున్నది, కట్టను ఎవరు చూచుచున్నారు అని వానకాలమునకు ముందే విచారించు పెద్దలకు ఇది క్రొత్త విద్య కాదు. పింఛను కొరకు మెట్లపై వేచియుండు వృద్ధురాలికి లాగ్‌ఫోర్‌జె పేరు తెలియనక్కరలేదు; ఆమె తరపున అడుగవలసినవారు మాత్రము అడిగి తీరవలెను.