గర్భిణికి మంగు: ముప్పు మచ్చతో కాదు, క్రీముతోనే

సీమంతం నాటికి చాలామంది గర్భిణుల చెంపలపై, నుదుటిపై మంగు కనిపిస్తుంది. హార్మోన్ల ప్రభావంతో చర్మంలో మెలనిన్‌ ఎక్కువగా తయారవడమే కారణం. దీనివల్ల తల్లికి, బిడ్డకు హాని లేదు. చాలామందిలో కాన్పయ్యాక కొన్ని నెలల్లో పలచబడుతుంది. ముప్పంతా దాన్ని పోగొట్టుకోవడానికి రాసే క్రీములతోనే. మరమగ్గాల సూరత్‌లోని వడోద్‌లో ఉన్నా, సిరిసిల్లలో ఉన్నా జాగ్రత్తలు ఒకటే.

మంగు క్రీములు కొన్నింటిలో హైడ్రోక్వినోన్‌, ట్రెటినోయిన్‌, స్టెరాయిడ్‌ మూడూ కలిసి ఉంటాయి. రాసిన హైడ్రోక్వినోన్‌లో మూడో వంతుకు పైగా ఒంట్లోకి ఇంకుతుంది. ట్రెటినోయిన్‌ విటమిన్‌-ఎ జాతి మందు. అదే జాతికి చెందిన ఐసోట్రెటినోయిన్‌ మాత్రలతో శిశువుకు పుట్టుక లోపాలు వస్తాయని రుజువైంది. అందుకే పూత మందును కూడా వద్దంటారు. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్‌ పూత మందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్‌ ‘హెచ్‌’లో చేర్చింది. తయారీ వివరాల్లేని ఫెయిర్‌నెస్‌ క్రీముల్లో పాదరసం ఉండొచ్చు. అది తల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, బిడ్డకూ చేరుతుంది.

మరి ఏం వాడొచ్చు? జింక్‌ ఆక్సైడ్‌ సన్‌స్క్రీన్‌, ఎండలో గొడుగు మంగు ముదరకుండా చూస్తాయి. డాక్టర్‌ సలహాతో అజెలాయిక్‌ ఆమ్లం రాసుకోవచ్చు. థ్రెడింగ్‌, వ్యాక్సింగ్‌తో ఇబ్బంది లేదు. చర్మం కాస్త త్వరగా కందుతుందంతే. జుట్టు రంగు తొలి 12 వారాల తర్వాత వేసుకోవడం మేలు. రుబ్బిన గోరింటాకు మంచిదే. నల్లగా పండే కోన్లలో పీపీడీ అనే రసాయనం కలిసి చర్మం బొబ్బలెక్కే ప్రమాదం ఉంది.

తెలియక ఇప్పటికే రాసినవారు కంగారు పడక, వెంటనే ఆపేసి, ఆ ట్యూబును డాక్టర్‌కు చూపించాలి.